నిద్రపోతోందని ఎవురు చెప్పినారు?

ఆపా పోయిన సంగతి నాకు శుక్రవారం పొద్దున, డ్యూటీలో ఉండగా తెలిసింది. ఒక పసివాడి తలకు తీగలు అంటిస్తున్నాను. జేబులో ఫోన్ మోగి ఆగింది, మళ్లీ మోగింది. తియ్యలేదు. పేస్టు అంటిన చేత్తో ఫోన్ ముట్టుకుంటే ఆపా ఊరుకునేది కాదు. ఆ అలవాటు ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఆవిడ చావు కబురు కూడా నా చేతులు కడుక్కునేదాకా జేబులోనే మోగుతూ కూర్చుంది.

కారిడార్‌లోకి వచ్చి చూస్తే సలాలా నుంచి ఆవిడ చెల్లెలు. తిరిగి ఫోన్ చేశాను.

"ఆపా లేదమ్మా ఇంక. తెల్లారి నమాజుకు లేసింది. చదువుకోని, కూర్చున్న కాడే ఒరిగిపోయింది. మధ్యాన్నం మట్టి చేస్తారు."

నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు. లోపలికి వచ్చి, పసివాడి మంచం కాళ్ల వైపు నిలబడి, వాడి ముఖం చూస్తూ ఉండిపోయాను. వాళ్లమ్మ భయపడి, "ఏమైంది సిస్టర్?" అని అడిగింది. ఏం కాలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎవరైనా "అంతా బాగానే ఉంది" అంటే ఆపాకు ఒళ్లు మండేది. ఆవిడ దగ్గర పనిచేసిన ఇన్నేళ్లలో ఆ మాట నా నోటి నుంచి పూర్తిగా పోయింది.

ఆపా అంటే అక్క. ఆవిడ పిల్లల మెదడు డాక్టరు. కడప మనిషి. మస్కట్‌లో మేం పనిచేసిన ఆస్పత్రిలో అందరూ ఆవిడను డాక్టర్ అనో మేడం అనో పిలిచేవాళ్లు. నేను మాత్రం ఆపా అనేదాన్ని. ఆవిడ నన్ను అమ్మీ అనేది. మాది నిజామాబాద్ పక్క. పిల్లల తలకు తీగలు పెట్టి, మెదడులో కదిలే విద్యుత్తును తెర మీద గీతలుగా చూపించే ఈఈజీ మిషన్ దగ్గర నేను టెక్నీషియన్ని. నా యాస విని ఆవిడ నవ్వేది, ఆవిడ యాస విని నేను నవ్వేదాన్ని. మా ఇద్దరి తెలుగు విని వార్డులోని మలయాళీ నర్సులు రెండూ వేరే భాషలనుకునేవాళ్లు.

నేను హైదరాబాద్‌లో పెద్దవాళ్ల వార్డులో పనిచేసి వచ్చాను. ఫిట్స్ గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదని ఒక పొగరు ఉండేది. మొదటి రోజు ఒక పాపను చూపించి ఏం చేస్తోందని ఆపా అడిగింది.

"పాప పండుకున్నది మేడం. రికార్డింగ్ షురూ చెయ్యనా?"

"నిద్రపోతోందని ఎవురు చెప్పినారు?"

"చూస్తే తెలుస్తలేదా మేడం?"

"నాకు తెలీడం లేదమ్మీ. పాతికేళ్లుగా చూస్తాండా, ఇంకా తెలీడం లేదు. నీకు తెలిస్తే చెప్పు, నేను ఇంటికి పోయి పడుకుంటా."

నా ముఖం మాడిపోయింది. మిషన్ పెట్టాను. ఆ పాప నిజంగానే నిద్రపోతోంది. నేను గెలిచినట్టు ఆపా వైపు చూశాను. ఆవిడ తల ఊపి, "ఇప్పుడు తెలిసింది. ముందు తెలీలేదు" అని వెళ్లిపోయింది. ఇంత మొండి మనిషి కింద ఎలా పనిచెయ్యాలి దేవుడా అనుకున్నాను.

మీ ఇంట్లో పసిపిల్లలుంటే ఈ ఒక్క సంగతి కాస్త ఓపిగ్గా వినండి. ఫిట్స్ అంటే మనందరికీ తెలిసింది ఒకటే: కాళ్లూ చేతులూ కొట్టుకోవడం, కళ్లు తేలెయ్యడం, నోట్లో నురుగు. పసిపిల్లలకు, ముఖ్యంగా తలకు బలమైన దెబ్బ తగిలిన పసిపిల్లలకు, ఇవేమీ లేకుండానే ఫిట్స్ వస్తాయి. లోపల మెదడు అల్లకల్లోలం అవుతుంటుంది. పైన బిడ్డ కదలదు. మూత పెట్టిన గిన్నెలో పాలు మరిగినట్టు. చూసినవాళ్లు ఏడుపు ఆగిందని సంతోషిస్తారు. దుప్పటి కప్పి, లైటు ఆర్పి, చప్పుడు చెయ్యకండని బయటికి వెళ్లిపోతారు. ఆ చీకట్లో, గంటల తరబడి, ఎవరికీ తెలియకుండా ఆ మెదడు దెబ్బ మీద దెబ్బ తింటుంది. దాన్ని పట్టుకోవడానికి మిషన్ తప్ప వేరే దారి లేదు. అదీ కాసేపు పెట్టి తీసేస్తే చాలదు, వదలకుండా ఉంచాలి.

ఆ మిషన్ కోసం ఆపా చేసిన గొడవలు ఇన్నీ అన్నీ కావు. ఉన్న మిషన్లు తక్కువ, అడిగే వార్డులు ఎక్కువ. "బిడ్డ బాగానే ఉంది కదా, ఇక్కడ ఎందుకు?" అని ఎవరైనా వస్తే, తీగలు పట్టుకుని తలుపుకు అడ్డంగా నిలబడేది. పొట్టి మనిషి. తెల్ల కోటు మోకాళ్ల దాకా వచ్చేది. అయినా ఆవిడను దాటుకుని ఎవరూ మిషన్ తీసుకెళ్లగా నేను చూడలేదు. టేబుల్ మీద పాలు లేని సులేమానీ చాయ్ పెట్టించుకుని తాగడం మరిచిపోయేది. అది చల్లబడ్డాక ఒక గుటక తాగి, ముఖం చిట్లించి, మళ్లీ పెట్టించుకునేది.

గదిలోకి వస్తే ముందు తల్లిదండ్రులను పలకరించేది కాదు. బిడ్డను పలకరించేది. చేతులు వేడి నీళ్లతో కడుక్కుని, మంచం కాళ్ల వైపు నిలబడి, కొంచెం సేపు ఊరికే చూసేది. తర్వాత దగ్గరికి వచ్చి తన ఇంటి ఉర్దూలో, "క్యా బేటీ, సచ్చీ సోరై క్యా?" అనేది. నిజంగానే నిద్రపోతున్నావా తల్లీ, అని. ఆ మాట వింటే మొదట్లో నాకు ముద్దుగా ఉండేది. తర్వాత తర్వాత వెన్నులో చలి పుట్టేది. చివరికి నడివేలితో బిడ్డ మాడు మీద మెల్లగా తాకేది. నడినెత్తి మీద ఎముక ఇంకా పూడని మెత్తటి చోటు మాడు. అక్కడ ముట్టుకుంటే బిడ్డ నాడి వేలికి తెలుస్తుంది.

"ఆపా, మీకు అందరి మీదా అనుమానమే" అని ఒకసారి ఏడిపించాను.

"అనుమానం గాదమ్మీ. గదిలో అందరూ మాట్లాడతాండారు, ఒక్క బిడ్డ తప్ప. నేను ఆ ఒక్క బిడ్డనే నమ్ముతా."

ఇప్పుడు చెప్పబోయేది కొన్నేళ్లుగా నాలోనే దాచుకున్న సంగతి. ఆపా మంచితనం గురించి చెప్పాలంటే ఇది చెప్పకుండా కుదరదు.

ఆ పాపకు నాలుగైదు నెలలుంటాయేమో. మస్కట్ శివారు మబేలాలో ఉండే కుటుంబం, జగిత్యాల వైపు నుంచి వచ్చినవాళ్లు. తల్లి ఒక లేడీస్ సెలూన్‌లో పనిచేసేది. తండ్రికి గోదాములో రాత్రి డ్యూటీ. పగలు బిడ్డను అతనే చూసుకునేవాడు. పొద్దున మంచం మీది నుంచి కింద పడిందని అతనే ఎత్తుకొచ్చాడు. స్కాన్ తీస్తే మెదడు చుట్టూ రక్తం. కంటి డాక్టరు చూస్తే కళ్ల లోపల కూడా రక్తపు మరకలు. ఎత్తు తక్కువ మంచం మీది నుంచి జారిపడితే ఇంత జరుగుతుందా అని డాక్టర్లు ముఖముఖాలు చూసుకున్నారు. పైకి ఎవరూ ఏమీ అనలేదు.

అనడానికి మనసు ఎలా వస్తుంది? అంత మంచి మనిషిలా ఉన్నాడు. నర్సులందరికీ కింద నుంచి చిక్కటి పాల కరక్ చాయ్ తెచ్చాడు. బిడ్డ దుప్పటి మడత చెదిరితే సర్దాడు. నా యాస వినగానే, "అక్కా, మీరు మనోళ్లేనా!" అని ముఖం వెలిగిపోయింది. నాకూ ప్రాణం లేచొచ్చింది. ఈ దేశంలో మన వైపు మాట చెవిన పడితే ఎలా ఉంటుందో ఇక్కడ బతికిన వాళ్లకు తెలుస్తుంది. తల్లి సెలూన్ యూనిఫాంతోనే పరుగెత్తుకొచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. ఏడవలేదు, మాట్లాడలేదు. వార్డులో కొందరు ఆమె వైపే అదోలా చూశారు.

బిడ్డ ఒక్కసారి కూడా కొట్టుకోలేదు. ఫిట్స్ లేవని డ్యూటీ డాక్టరు రాశాడు. ఆపా వచ్చింది, కాళ్ల వైపు నిలబడింది, నడివేలితో మాడు తాకింది. ఆ వేలు అక్కడ మామూలు కంటే ఎక్కువ సేపు ఆగింది.

"అమ్మీ, మిషన్ పెట్టు. నేను చెప్పేదాకా తియ్యొద్దు."

నేను తల కొలిచి, గుర్తులు పెట్టి, పేస్టు రాయబోతే ఒక్క తీగా నిలబడదే! జుట్టంతా నూనె. జారిపోతోంది. దూది తడిపి తుడుస్తూ విసుక్కున్నాను. "ఇంత ఆముదం ఎవరు పెట్టిండ్రు!" ఆపా వంగి చూసింది.

తీగలన్నీ అతికి, తెర మీద గీతలు కదలడం మొదలైంది. అతను బిడ్డ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, చిన్న గొంతుతో అన్నాడు:

"చూడుండ్రి అక్కా, ఎంత మంచిగ పండుకున్నదో. ఇగ భయం లేదు గదా."

బిడ్డ ముఖం అలాగే ఉంది. పెదవులు కొంచెం విడివడి, గుప్పిళ్లు వదులుగా, ఎవరు చూసినా నిద్రే అనేలా. తెర మీద ఎడమ వైపు గీతలు చిన్నగా వణికాయి. వణుకు పదునెక్కింది. పక్క గీతకు పాకింది, దాని పక్కదానికి పాకింది. చూస్తుండగానే తెరంతా నిండిపోయింది. నేను తెర చూశాను, బిడ్డను చూశాను, మళ్లీ తెర చూశాను. రెండూ ఒకే ప్రాణానివంటే నమ్మబుద్ధి కాలేదు. ఆ పక్కన అతను బిడ్డ పాదం నిమురుతూ జోకొడుతున్నాడు. నాకు చచ్చేంత భయం వేసింది. ఆ గదిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

మందు ఎక్కించారు. గీతలు సర్దుకున్నాయి, మళ్లీ లేచాయి. ఇంకో మందు. ఆ రోజంతా అదే యుద్ధం, తెర మీద మాత్రమే కనబడే యుద్ధం. చివరికి అణిగాయి. బిడ్డ ముఖంలో ఏ మార్పూ లేదు.

"గప్పుడు గట్లనే పండుకున్నది, గిప్పుడు గట్లనే పండుకున్నది. ఏం మారింది డాక్టరమ్మా?" అని అతను అమాయకంగా అడిగాడు.

ఆపా కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది. కోపంగా కాదు, పక్కింటి పెద్దమ్మలా.

"ఏం లేదులే నాయనా. ఈ కాలంలో గూడా బిడ్డకు ఆముదం పెట్టేవాళ్లు ఉండారే! మా అమ్మ గూడా పెడతాన్నింది. ఎవురు పెడతారు మీ ఇంట్లో?"

అతని ముఖం విప్పారింది. "నేనే డాక్టరమ్మా! మా అమ్మ ఫోన్ల చెప్పింది, మాడ గట్టిపడేదాక విడువద్దని. దీనికి డ్యూటీ ఉంటది గదా" అని భార్య వైపు చూపించాడు. "పొద్దుగాల తానం పోసి, తలకంత రాసి, మాడ మీద ఇంత ఆముదం అద్దుత. నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి తగల్లే."

"ఒక్క రోజు గూడా మానలేదా?"

"ఒక్క రోజు గూడ మానలే. నిన్న మొన్న తలకు పెట్టిన గని మాడకు పెట్టలే. ఉబ్బుకచ్చి గట్టిగ తగిలింది. ముట్టబుద్ధి గాలే."

అతనికి తను ఏమన్నాడో తెలియలేదు. ఇంకా నవ్వుముఖంతోనే ఉన్నాడు. బిడ్డ పడింది ఇవాళ పొద్దున అని అతనే చెప్పాడు. మాడు ఉబ్బింది మొన్న. పడకముందే తల లోపల రక్తం చేరింది, ఆ సంగతి చేతికి తగిలింది, తగిలినా రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. గోడ దగ్గర నిలబడ్డ తల్లి తలెత్తి భర్త వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

ఆపా అతని భుజం తట్టి, "బాగా చూసినావు నాయనా. ఈ మాటే ఇంకొకరు అడుగుతారు, వాళ్లకు గూడా చెప్పు" అని లేచింది. బయటికి వచ్చాక గోడ పట్టుకుంది. పోలీసులకూ, పిల్లల రక్షణ చూసే అధికారులకూ ఆవిడే ఫోన్ చేసింది.

"మీకు ముందే ఎట్ల తెలిసింది ఆపా?"

"తెలీలేదు. నువ్వు నూనె తుడుస్తాంటే చూసినా. తలంతా నూనె, మాడు మాత్రం ఎండిపోయి ఉండాది. రోజూ ఆముదం పెట్టే చెయ్యి సరిగ్గా మాడు కాడే ఎందుకు ఆగినట్టు? అదొక్కటే అడిగినా."

అతను తర్వాత ఒప్పుకున్నాడు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి కళ్లు మండుతుంటే బిడ్డ ఏడుపు ఆపలేదట. రెండు రెక్కలూ పట్టుకుని ఊపేశాడట. ఊపితే ఏడుపు ఆగిందట. ఆగింది కదా అని తర్వాత రోజుల్లోనూ ఊపాడట. తల్లి నాతో చెప్పిన మాట ఇంకా ఘోరం. "నేను డ్యూటీకి పోయేటప్పుడు ఏడుస్తుండె అక్కా. అచ్చేటాలకు సప్పుడే ఉండకపోయేది. ఎంత మంచిగ పండవెట్టిండో, నా అసొంటి అదృష్టవంతురాలు లేదు అనుకున్న."

అసలు పరీక్ష ఆ తర్వాత మొదలైంది. మనవాళ్లలో పెద్దమనుషులు ముగ్గురు ఆపా గదికి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను.

"అయిందేదో అయిపోయింది డాక్టరమ్మా. కేసు గీసు అంటే ఆడు జైలుకు పోతడు, ఆడిదాని వీసా పోతది, మనోళ్ల ఇజ్జత్ పోతది. మేం టికెట్లు చేపిస్తం. ముగ్గురిని ఊరికి తోలిస్తం. ఆడ పెద్దమనుషులు కూసోని మాట్లాడుకుంటరు."

"ముగ్గుర్నీ ఒకే ఇంటికా?" అంది ఆపా.

"మరి యాడికి పోతరమ్మా? మొగుడు పెండ్లాలు!"

"ఇజ్జత్ మీది. తల ఆ బిడ్డది. మీ ఇజ్జత్‌కు మందుండాది, అది రేపైనా బాగయితాది. పాపను నేను పంపించను."

ఒకాయన, "నువ్వు మన తెలుగుదానివేనా?" అన్నాడు. ఆపా చల్లబడిన చాయ్ తాగి, ముఖం చిట్లించి, తలుపు వైపు చూసింది. వాళ్లు లేచి వెళ్లారు.

ఆ తర్వాత తెలుగువాళ్ల పండగలకు ఆవిడను పిలవడం మానేశారు. ఎదురుపడితే తప్పుకునేవాళ్లు. మనోణ్ని పట్టిచ్చిన డాక్టరు అని పేరు పెట్టారు. మొదట్లో ఆ తల్లి కూడా, "నా సంసారం మీద పడ్డవు గద డాక్టరమ్మా" అని శాపనార్థాలు పెట్టింది. ఆపా తల వంచుకుని విని, రోజూ అదే వేళకు వచ్చి ఆ తల్లి పక్కనే కూర్చునేది. బిడ్డను ఎలా గమనించాలో నేర్పేది. చూపు ఒకేచోట నిలబడిపోతే పట్టించుకో, ఒక పక్కకే వాలితే పట్టించుకో, చేస్తున్న పని ఉన్నట్టుండి ఆపేస్తే పట్టించుకో, అని. విని విని ఒకరోజు ఆ తల్లి ఆపా ఒళ్లో తలపెట్టి బావురుమంది. ఆపా కూడా ఏడ్చింది. ఆవిడ ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

అతని సంగతి చట్టం చూసుకుంది. కొన్ని నెలలకు అనుమతులన్నీ వచ్చాక, తల్లీ బిడ్డా జగిత్యాల దగ్గర తల్లిగారింటికి వెళ్లిపోయారు. పాప కుడి చేయి కొంచెం బలహీనంగా ఉండేది. అయినా నవ్వేది, గుర్తుపట్టేది. బ్రతికింది కదా ఆపా, అన్నాను విమానాశ్రయం నుంచి వస్తూ. "బ్రతికింది. మెదడుకు తగిలింది ఎప్పుడు బయటపడతాదో ఎవురు చెప్తారమ్మీ. అయిపోయిందని అనొద్దు" అంది. అంత సంతోషంలోనూ నాకు ఒళ్లు మండింది. ఈవిడకు ఒక్క మంచి మాట అనడానికి నోరెందుకు రాదు అనుకున్నాను.

తర్వాత ఆవిడ ఒమాన్ దక్షిణపు కొసన ఉన్న సలాలాకు మారింది. చెల్లెలి కుటుంబం అక్కడే ఉంది. ఫోన్ చేస్తే వాన కబుర్లు, కొబ్బరి కబుర్లు చెప్పేది. కబుర్ల మధ్యలో, "మిషన్ ఎవురికీ ఇయ్యలేదు గదా?" అని అడగడం మాత్రం మానలేదు.

శనివారం నేను సలాలా చేరేసరికి జల్లు పడుతోంది. అన్నీ అయిపోయాయి. చెల్లెలు నా చేయి పట్టుకుని ఆపా గదిలో కూర్చోబెట్టింది. నాకు ఇంత తిండి పెట్టిన విద్య ఎవరిదో, పసిపిల్లల ముందు నిలబడే ధైర్యం ఎవరు ఇచ్చారో ఆ గదిలో కూర్చుంటే తెలిసింది. ఒక్కసారైనా ఆవిడకు ఆ మాట చెప్పి ఉండాల్సింది అని కుమిలిపోయాను.

మస్కట్ తిరిగి వచ్చాక ఇది రాయాలనుకున్నాను. పాప సంగతి రాయాలంటే తల్లి ఒప్పుకోవాలి. ఆపా పోయిన కబురు కూడా ఆమెకు చెప్పాలి. పొద్దున వీడియో కాల్ చేశాను. మా దగ్గర వీడియో కాల్ ఎప్పుడు తెగుతుందో, ఎప్పుడు బొమ్మ బిగుసుకుపోతుందో చెప్పలేం. ఆ రోజు బాగానే కలిసింది.

విషయం వినగానే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చాలాసేపు వెక్కుతూనే ఉంది. "రాయి అక్కా. మా పేర్లు రాయకు గని అన్నీ రాయి. అందరికి తెల్వాలె. గా తల్లి లేకుంటే నా బిడ్డ యాడిది?"

"పాప ఎట్లున్నది చెల్లె? మందులు ఏస్తున్నవా?"

"మందులు బంద్ వెట్టి ఏడాదాయె అక్కా. ఒక్కనాడు ఫిట్స్ రాలే గదా, ఎందుకు అనవసరంగ అని ఈడ డాక్టరు ఆపిండు. మంచిగున్నది. అంగన్‌వాడీకి పోతున్నది. టీచరే ఊకె తిడుతది, పాఠం చెప్తుంటె యాదిమర్చి దిక్కులు చూస్తదట. సోపతిగాళ్లు గూడ గట్లనే ఉన్నరు. ఆగు, చూపిస్త."

ఫోన్‌ను ముందరున్న అరుగు మీద నిలబెట్టి పాపను తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టింది. రెండు జడలు, ముఖాన పెద్ద బొట్టు. ఎడమ చేత్తో మురుకు పట్టుకుని, "పెద్దమ్మా, నాకు కొత్త చెప్పులు..." అని మొదలుపెట్టింది. తల్లి పక్కనుంచి మాట్లాడుతూనే ఉంది. పెద్దయితే నీ అసొంటి పని నేర్పిస్త అక్కా, అంటోంది.

పాప మాట మధ్యలో ఆగింది. మురుకు నోటి దగ్గరే ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. నా వైపే చూస్తున్నట్టున్నాయి కానీ నన్ను చూడటం లేదు. నెట్‌వర్క్ పోయి బొమ్మ బిగుసుకుపోయిందనుకున్నాను. కట్ చేసి మళ్లీ చేద్దామని వేలు ముందుకు పెట్టాను. పెట్టి ఆగిపోయాను.

"చెల్లె, పాపను పిలవకు. ముట్టకు. ఫోన్ అట్లనే ఉండనియ్యి, ఎంతసేపుంటదో చూస్త."

అవతల ఆమె మాట ఆగిపోయింది. ఆమెకు కూడా నేర్పినది ఆపాయే.

తెర మీద పాప కదలడం లేదు. పాప వెనక, వాకిట్లో తీగ మీద ఆరేసిన ఆకుపచ్చ చీర గాలికి మెల్లగా ఊగుతూనే ఉంది.